ఐరిష్ కుటుంబ మూలాల అన్వేషణ: దస్తావేజులు, డీఎన్ఏ సాక్ష్యం - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

1922లో డబ్లిన్ నగరంలోని ప్రభుత్వ దస్తావేజుల భాండాగారం దగ్ధమైంది. ఐర్లాండు కుటుంబచరిత్రకు ప్రధానాధారాలైన జనాభా లెక్కల పత్రాలు, వీలునామాలు, చర్చి రిజిస్టర్లు ఆ మంటల్లో పెద్దఎత్తున నశించాయి. 2000 తరువాత అందుబాటులోకి వచ్చిన డీఎన్ఏ పరీక్షలు ఆ లోటును కొంతవరకు పూరిస్తాయన్న ఆశ ఐరిష్ సంతతివారిలో బలంగా ఏర్పడింది. ఆ ఆశ ఏ మేరకు నెరవేరిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. డీఎన్ఏ బంధుత్వపు దూరాన్ని చెప్పగలదు గాని బంధువు పేరును, ఊరును చెప్పలేదు. కనుక అది దస్తావేజుకు ప్రత్యామ్నాయం కాదు. విమర్శనాత్మకంగా చదవవలసిన మరొక దస్తావేజు. నయల్ సంతతి వాదం, ఐరిష్ డీఎన్ఏ అట్లాస్, మహాక్షామం నాటి వలస కుటుంబాలు, ట్యూమ్ శిశువుల ఖననస్థలం అనే సందర్భాల ఆధారంగా ఈ విషయాన్ని నిరూపించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: ఐర్లాండు, వంశావళి, ఇంటిపేరు, డీఎన్ఏ, వై-క్రోమోజోమ్, మహాక్షామం, వలస, దత్తత, ట్యూమ్.

1. ఉపోద్ఘాతం

2020 నాటి అమెరికా జనాభా లెక్కలలో 3.8 కోట్లకు పైగా ప్రజలు తమది పూర్తిగానో పాక్షికంగానో ఐరిష్ సంతతి అని నమోదు చేసుకున్నారు. ఐర్లాండు ద్వీపంలో, ఉత్తర ఐర్లాండును కలుపుకున్నా, నేడు నివసించేవారు సుమారు 70 లక్షలు మాత్రమే. కెనడా, ఆస్ట్రేలియా, బ్రిటన్ దేశాలలో స్థిరపడినవారిని కూడా చేరిస్తే స్వదేశంలో ఉన్నవారికంటే బయట ఉన్న సంతతి ఎన్నోరెట్లు ఎక్కువ. ఇంతటి వ్యత్యాసానికి 1845-1852 నడుమ వచ్చిన మహాక్షామం ముఖ్యకారణం. బంగాళాదుంప పంటకు తెగులు సోకి, పాలకుల నిర్లక్ష్యం తోడై, సుమారు పదిలక్షల మంది మరణించారు. అంతకు మించినవారు ఓడలెక్కారు. 1841లో దాదాపు 82 లక్షలున్న జనాభా 1851 నాటికి 65 లక్షలకు పడిపోయింది.

ఓడ దిగినవారి పత్రాలలో పుట్టినచోటు అన్న గడిలో చాలాసార్లు 'ఐర్లాండు' అన్న ఒక్కమాటే కనిపిస్తుంది. కౌంటీ పేరు, పారిష్ పేరు, ఊరిపేరు ఉండవు. 1831 నుండి 1921 వరకు బోస్టన్ నగరంలోని పైలట్ పత్రిక తప్పిపోయిన బంధువుల కోసం ప్రకటనలు ప్రచురించింది. వాటిలో పుట్టిన పారిష్‌తో సహా ఇచ్చిన వివరాలు నేటికీ పరిశోధకులకు అమూల్యాలు. అయితే ఆ ప్రకటనలలోకి ఎక్కినవారు కొద్దిమందే. మిగిలినవారి మనుమలు, మునిమనుమలు ఏ ఊరివారో తెలుసుకోవాలంటే ఐర్లాండులోని దస్తావేజులే దిక్కు. అక్కడే అసలు చిక్కు ఎదురవుతుంది.

2. దస్తావేజుల లోటు

1867లో స్థాపితమైన ఐర్లాండు ప్రభుత్వ దస్తావేజుల కార్యాలయం డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవనసముదాయంలో ఉండేది. ఆంగ్ల-ఐరిష్ ఒప్పందాన్ని వ్యతిరేకించిన దళాలు 1922 ఏప్రిల్‌లో ఆ భవనాలను ఆక్రమించాయి. జూన్ 28న తాత్కాలిక ప్రభుత్వ సేనలు ఫిరంగులతో దాడి ప్రారంభించాయి. జూన్ 30న జరిగిన విస్ఫోటంలో, ఆ వెంట చెలరేగిన మంటల్లో శతాబ్దాల దస్తావేజులు బూడిదయ్యాయి. 1821, 1831, 1841, 1851 జనాభా లెక్కల మూలపత్రాలు కొన్ని శకలాలు తప్ప మిగలలేదు. భద్రత కోసం అక్కడికి చేర్చిన చర్చ్ ఆఫ్ ఐర్లాండు రిజిస్టర్లు దాదాపు వెయ్యి పారిష్‌లవి నశించాయి. వీలునామాల మూలప్రతులదీ అదే గతి.

అయితే నష్టమంతటినీ ఆ ఒక్క అగ్నిప్రమాదానికే ఆపాదించడం చారిత్రకంగా సరికాదు. 1861, 1871 లెక్కల పత్రాలను ప్రభుత్వమే గణన పూర్తయిన కొంతకాలానికి ధ్వంసం చేయించింది. 1881, 1891 పత్రాలు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కాగితపు గుజ్జుగా మారాయి. అంటే సగం నష్టం యుద్ధం వల్లనైతే తక్కిన సగం కార్యాలయ నిర్ణయాల వల్ల జరిగింది. ఫలితంగా దేశమంతటికీ పూర్తిగా లభించే తొలి జనాభా లెక్కలు 1901, 1911 నాటివే.

మిగిలిన ఆధారాలకూ పరిమితులున్నాయి. కాథలిక్కేతరుల వివాహాల ప్రభుత్వ నమోదు 1845లో, అందరి జనన మరణ వివాహాల నమోదు 1864 జనవరి 1న మొదలయ్యాయి. క్షామం అప్పటికే ముగిసింది. కాథలిక్ పారిష్ రిజిస్టర్లను జాతీయ గ్రంథాలయం 2015లో అంతర్జాలంలో ఉచితంగా ఉంచింది. కాని పడమటి పేద పారిష్‌లలో అనేకం 19వ శతాబ్దంలోగాని రిజిస్టర్లు మొదలుపెట్టలేదు. 1847-1864 నడుమ భూమిశిస్తు కోసం తయారైన గ్రిఫిత్ మదింపు పట్టికలో ఇంటి యజమాని లేదా కౌలుదారు పేరుంటుంది, భార్యాబిడ్డల పేర్లుండవు. 1908 నాటి వృద్ధాప్య పింఛను చట్టం వచ్చినప్పుడు జనన నమోదు లేని వృద్ధులు తమ వయసు రుజువుకు 1841, 1851 జనాభా లెక్కలను వెదికించుకున్నారు. ఆ వెదుకులాట పత్రాలు కొన్ని నిలిచాయి. మూలం కాలిపోగా దాని నుండి పింఛను గుమాస్తా ఎత్తి రాసుకున్న నాలుగు పంక్తులు మిగలడం ఐరిష్ కుటుంబచరిత్రలో తరచు ఎదురయ్యే విషయం. అగ్నిప్రమాదానికి నూరేళ్లు నిండిన సందర్భంలో, 2022లో, ట్రినిటీ కళాశాల నేతృత్వంలో ఆవిష్కృతమైన వర్చువల్ రికార్డ్ ట్రెజరీ ఇటువంటి నకళ్లను వివిధ దేశాల భాండాగారాల నుండి సేకరించి చేర్చుతున్నది.

3. వంశావళులు, ఇంటిపేర్లు

సామాన్యుల పత్రాలు ఇంత పలుచగా ఉన్న దేశంలోనే పాలకుల వంశావళులు అతివిస్తృతంగా ఉండడం విశేషం. గేలిక్ సమాజంలో వంశచరిత్రను కాపాడడం పండిత కుటుంబాల కులవిద్య. 14వ శతాబ్దాంతపు బాలిమోట్ గ్రంథం, 17వ శతాబ్ది మధ్యలో గాల్వే నగరంలో డ్యూయల్డ్ మెక్‌ఫర్బిస్ సంకలనం చేసిన వంశావళుల మహాగ్రంథం ఈ సంప్రదాయానికి ప్రసిద్ధ నిదర్శనాలు. ఐతే ఇవి కేవలం జ్ఞాపకాలు కావు, అధికారపత్రాలు కూడా. భూమిపై హక్కునో, ఒక వంశం మరొక వంశానికి లోబడి ఉండడాన్నో సమర్థించడానికి పూర్వీకులను కలపడం, విడదీయడం మామూలే. మెకంజీ కైఫియతులలోని పాలెగాళ్ల వంశావళులను చదివిన తెలుగు పరిశోధకులకు ఈ ధోరణి కొత్త కాదు.

ఐర్లాండులో వంశపారంపర్య ఇంటిపేర్లు చాలా తొందరగా స్థిరపడ్డాయి. 916లో మరణించిన ఒక పాలకుని విషయంలో ఓ క్లీరీ అన్న ఇంటిపేరు వార్షిక వృత్తాంతాలలో నమోదైంది. 'ఓ' అంటే మనుమడు లేదా సంతతివాడు. 'మాక్' అంటే కుమారుడు. తెలుగువారి ఇంటిపేర్లు ఎక్కువగా ఊరినో వృత్తినో సూచిస్తే, గేలిక్ ఇంటిపేరు ఒక పూర్వీకుణ్ణి సూచిస్తుంది. కనుక ఒకే ఇంటిపేరు గలవారంతా ఒకే వ్యక్తి సంతానమా అన్న ప్రశ్న ఆ పేరులోనే ఇమిడి ఉంది.

దానికి సమాధానం పేరును బట్టి చెప్పడం కష్టం. ఒకే వ్యక్తినామం నుండి వేర్వేరు ప్రాంతాలలో స్వతంత్రంగా ఇంటిపేర్లు పుట్టాయి. ఆంగ్లపాలనలో పేర్లు రూపం మార్చుకున్నాయి, 'ఓ', 'మాక్' ఊడిపోయాయి, కొన్ని అనువాదమయ్యాయి. కమ్మరి అని అర్థమిచ్చే గేలిక్ పదం నుండి ఏర్పడిన మెక్‌గోవన్ అన్న ఇంటిపేరు కావన్ కౌంటీలో విరివిగా 'స్మిత్' అయింది. ఆ స్మిత్‌కూ ఇంగ్లండు నుండి వలసవచ్చిన స్మిత్‌కూ కాగితంపై తేడా తెలియదు. డీఎన్ఏ పరీక్ష చెప్పగలిగే విషయాలలో ఇది ఒకటి.

4. మూడు పరీక్షలు - మూడు పరిధులు

కుటుంబచరిత్రకు వాడే డీఎన్ఏ పరీక్షలు మూడు రకాలు. వీటి భేదం గుర్తించకపోవడమే అనేక అపోహలకు మూలం.

మొదటిది వై-క్రోమోజోమ్ పరీక్ష. వై-క్రోమోజోమ్ తండ్రి నుండి కొడుకుకు దాదాపు మార్పు లేకుండా సంక్రమిస్తుంది. ఇంటిపేరు నడిచే దారి కూడా అదే. అందువల్ల ఇంటిపేర్ల చరిత్రకు ఇది సహజమైన సాధనం. స్త్రీలకు వై-క్రోమోజోమ్ ఉండదు గనుక వారు తండ్రినో అన్నదమ్ములనో పినతండ్రినో పరీక్షకు ఒప్పించవలసి ఉంటుంది.

రెండవది మైటోకాండ్రియల్ పరీక్ష. ఇది తల్లి నుండి బిడ్డలందరికీ సంక్రమిస్తుంది. కూతుళ్ల ద్వారా మాత్రమే ముందుకు సాగుతుంది. వివాహంతో స్త్రీల ఇంటిపేరు మారే సమాజంలో మాతృవంశపు పత్రాలు మరీ పలుచన. ఆ లోటును ఈ పరీక్ష తీర్చగలదనిపిస్తుంది గాని, ఈ డీఎన్ఏ మారే వేగం చాలా తక్కువ. ఇద్దరికి పూర్తిగా సరిపోలినా వారి ఉమ్మడి పూర్వీకురాలు రెండు వందల ఏళ్లనాటిదో రెండు వేల ఏళ్లనాటిదో తేల్చడం కష్టం. పత్రాలు ముందే ఒక ఊహను అందించినప్పుడు దానిని నిరాకరించడానికి మాత్రం ఇది బాగా ఉపకరిస్తుంది.

మూడవది ఆటోసోమల్ పరీక్ష. ఇది తల్లిదండ్రులిద్దరి నుండి వచ్చే తక్కిన 22 జతల క్రోమోజోములను పరిశీలిస్తుంది. 2007 తరువాత సామాన్యులకు అందుబాటులోకి వచ్చి, 2012లో యాన్సెస్ట్రీ సంస్థ రంగప్రవేశంతో విస్తృతమైంది. ఇద్దరు వ్యక్తులు పంచుకునే డీఎన్ఏ ఖండాల మొత్తాన్ని సెంటీమోర్గాన్లలో కొలిచి బంధుత్వాన్ని అంచనా వేస్తారు. ఒకే తాతమ్మల మనుమలు సగటున 12.5 శాతం, ఒకే ముత్తాత దంపతుల మునిమనుమలు సుమారు 3 శాతం, ఆపై తరం ఉమ్మడి అయినవారు ఒక శాతంలోపు పంచుకుంటారు. ఇవి సగటులు. ఏ ఖండం ఎవరికి సంక్రమిస్తుందన్నది ప్రతి తరంలోనూ యాదృచ్ఛికమే.

5. నయల్ సంతతి వాదం: ఒక ప్రతిపాదన, ఒక పాఠం

ఐర్లాండులో ఇంటిపేరునూ వై-క్రోమోజోమ్‌నూ జోడించి చదివే ప్రయత్నం 2000లోనే మొదలైంది. ట్రినిటీ కళాశాల జన్యుశాస్త్రజ్ఞుడు డేనియల్ బ్రాడ్లీ బృందం ఆ ఏడాది నేచర్ పత్రికలో ప్రకటించిన అధ్యయనంలో పురుషులను ఇంటిపేర్ల మూలాన్ని బట్టి వర్గీకరించింది. పడమటి కొనాక్ట్ ప్రాంతపు గేలిక్ ఇంటిపేర్లవారిలో దాదాపు 98 శాతం ఒకే ప్రధాన పితృవంశశాఖకు చెందినట్లు తేలింది. విదేశీ మూలం గల ఇంటిపేర్లవారిలో ఆ నిష్పత్తి తగ్గింది. ఇంటిపేరు చరిత్రసాక్ష్యమేనని జన్యుశాస్త్రం ధ్రువీకరించిన సందర్భమది.

2006లో అదే బృందం మరొక అడుగు ముందుకు వేసింది. వాయవ్య ఐర్లాండులో ప్రతి ఐదుగురు పురుషులలో ఒకరికి సన్నిహిత సంబంధం గల వై-క్రోమోజోమ్ రకం ఉన్నట్లు కనుగొంది. మధ్యయుగంలో ఆ ప్రాంతాన్ని ఏలిన ఈ నేల్ రాజవంశీకులమని చెప్పుకొనే ఇంటిపేర్లవారిలో అది మరింత అధికం. ఆ వంశానికి మూలపురుషుడు 'తొమ్మిదిమంది బందీల నయల్' అని సంప్రదాయం. 5వ శతాబ్దపు వాడంటారు. రాజకీయ ఆధిపత్యం గల వంశంలో సంతానం అధికంగా వృద్ధి చెందిందన్న ఆ పరిశోధన లోకమంతటా ప్రచారం పొందింది. తరువాత ఆ రకానికి ఆర్-ఎం222 అన్న గుర్తు స్థిరపడింది. పరీక్షలో ఆ గుర్తు కనిపించినవారికి 'మీరు నయల్ రాజు సంతతి' అన్న సందేశం పత్రికల ద్వారా, వాణిజ్య సంస్థల ద్వారా అందింది.

తరువాతి సూక్ష్మపరీక్షలు ఈ చిత్రాన్ని మార్చాయి. ఆర్-ఎం222 శాఖ వయసు నయల్ కాలానికి కొన్ని శతాబ్దాలు వెనుకకు జరిగింది. అది స్కాట్లండులోనూ గణనీయంగా కనిపించింది. నయల్ ఆ శాఖకు చెందినవాడే కావచ్చు. శాఖకు మూలపురుషుడు మాత్రం కాలేడు. పైగా ఓ నీల్ అన్న ఇంటిపేరు ఆ 5వ శతాబ్దపు నయల్ నుండి కాక 919లో మరణించిన మరొక నయల్ నుండి ఏర్పడింది. రాజవంశనామం వేరు, ఇంటిపేరు వేరు. పేర్ల సామ్యం వల్ల రెండూ ఒకటిగా చలామణి అయ్యాయి. అదే బృందం 2008లో దక్షిణాన మన్‌స్టర్ ప్రాంతపు రాజవంశాలపై జరిపిన అధ్యయనంలో వాయవ్యంలో వలె ఒకే ప్రబల శాఖ కనిపించలేదు.

ఈ సందర్భం నుండి గ్రహించవలసినది ఒకటుంది. జన్యుశాస్త్రం చూపింది ఒక శాఖ వ్యాప్తిని. దానికి రాజు పేరు తగిలించింది వంశావళి గ్రంథం. ఆ గ్రంథం రాజకీయ ప్రయోజనంతో రచితమైనది. అంటే కొత్త సాక్ష్యం పాత సాక్ష్యాన్ని పరీక్షించక ముందే దాని భాషలో మాట్లాడడం మొదలుపెట్టింది.

6. శాతాల పట్టిక - ప్రాంతాల పటం

పరీక్ష చేయించుకున్న సామాన్యుడు మొదట చూసేది 'ఐరిష్: ఇంత శాతం' అన్న పట్టిక. ఇది పూర్వీకుల లెక్క కాదు. నమూనా సమూహాలతో పోల్చి ఇచ్చిన గణాంక అంచనా. సంస్థ తన నమూనాను విస్తరించినప్పుడల్లా ఆ శాతాలు మారతాయి. పరీక్షించిన డీఎన్ఏ మాత్రం మారదు. ఐర్లాండు, స్కాట్లండు, ఇంగ్లండు ప్రజల నడుమ వేల ఏళ్ల రాకపోకలున్నందున వారిని విడదీయడం మరింత క్లిష్టం.

ఆ విడదీత ఎంతవరకు సాధ్యమో శాస్త్రీయంగా చూపినది 2017లో వెలువడిన ఐరిష్ డీఎన్ఏ అట్లాస్ అధ్యయనం. డబ్లిన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్, ఐర్లాండు వంశచరిత్ర సంఘం కలిసి దీనిని నిర్వహించాయి. తమ తాతలు, అమ్మమ్మల తల్లిదండ్రులు ఎనిమిదిమందీ ఒకే ప్రాంతంలో, సుమారు 50 కిలోమీటర్ల పరిధిలో పుట్టినట్లు పత్రాలతో చూపగలిగిన 194 మందిని ఎన్నుకున్నారు. వారి జన్యుసమాచారంలో పది సమూహాలు బయటపడ్డాయి. ఏడు ప్రధానంగా గేలిక్ మూలానివి. మూడు బ్రిటన్ సంబంధం మిళితమైనవి. గేలిక్ సమూహాల సరిహద్దులు మన్‌స్టర్, కొనాక్ట్ వంటి ప్రాచీన ప్రాంతవిభాగాలను చాలావరకు పోలి ఉన్నాయి. మిశ్రమ సమూహాలు ఉత్తరాన అధికంగా కనిపించడానికి 1609 తరువాత అల్‌స్టర్‌లో స్కాట్లండు, ఇంగ్లండుల నుండి జరిగిన ప్రణాళికాబద్ధ వలస కారణం.

ఈ అధ్యయనపు విలువ దాని ఎంపిక పద్ధతిలో ఉంది. ఎనిమిదిమంది పూర్వీకుల పుట్టినచోట్లను తెలిపే కుటుంబవృక్షం లేనిదే ఆ పటం తయారయ్యేది కాదు. జన్యుపటానికి పునాది మళ్లీ పత్రమే.

పత్రాలే లేని సమాజం విషయంలో మాత్రం డీఎన్ఏ స్వతంత్రంగా మాట్లాడింది. ఐర్లాండులో సంచారజీవులైన ట్రావెలర్ల మూలాలపై వ్రాతపూర్వక చరిత్ర అతిస్వల్పం. క్షామంలో భూమి కోల్పోయి రోడ్డున పడినవారే ట్రావెలర్లన్న అభిప్రాయం చిరకాలం ప్రబలింది. 2017 ఫిబ్రవరిలో ప్రకటితమైన అధ్యయనం వారు ఐరిష్ మూలానివారేననీ, క్షామానికి చాలా ముందే, 17వ శతాబ్దం నాటికే వేరుపడి ఉంటారనీ సూచించింది. అదే ఏడాది మార్చి 1న ఐర్లాండు ప్రభుత్వం వారిని ప్రత్యేక జాతిసమూహంగా గుర్తించింది. ఆ గుర్తింపు దశాబ్దాల ఉద్యమ ఫలితం. జన్యుపరిశోధన దానికి కారణం కాదు. అయినా తమ చరిత్రను క్షామపు శేషంగా కుదించిన వాదానికి వారికి ఒక గట్టి సమాధానం లభించింది.

7. క్షామపు అంచు

సామాన్య కుటుంబానికి నిజంగా ఉపకరించేది శాతాల పట్టిక కాదు. దాని పక్కనే ఉండే బంధువుల జాబితా. ఆ జాబితాను ఎలా చదవాలో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు.

1848లో అమెరికా చేరిన ఒక దంపతుల సంతతివాడు బోస్టన్‌లో పరీక్ష చేయించుకున్నాడనుకుందాం. ఆ దంపతులు అతని ముత్తాతకు తల్లిదండ్రులు. అమెరికా పత్రాలన్నీ 'ఐర్లాండు' దగ్గర ఆగిపోయాయి. జాబితాలో అతనికి వేలమంది దూరపు బంధువులు కనిపిస్తారు. వారిలో గాల్వే కౌంటీలో తరతరాలుగా ఒకే ఊరిలో ఉంటున్న కుటుంబాలవారు ఇద్దరు ముగ్గురున్నారు. వారు అతనితోనే కాక పరస్పరమూ ఒకే ఖండాన్ని పంచుకుంటే ఒక ఉమ్మడి పూర్వీకుని ఉనికిని ఊహించవచ్చు. వారి కుటుంబవృక్షాలు కలిసే పారిష్ ఏదో గుర్తించాక ఆ పారిష్ రిజిస్టరును, గ్రిఫిత్ మదింపు పట్టికను, 1901 జనాభా లెక్కలను తెరవాలి. ఐర్లాండులో 60 వేలకు పైగా ఉన్న టౌన్‌ల్యాండ్లు, అనగా ఊరికంటే చిన్నవైన భూఖండాలు, ఇక్కడ వెదుకులాటకు కొలమానమవుతాయి. డీఎన్ఏ చేసిన పని వేల పారిష్‌లను ఒకటి రెండింటికి కుదించడం. ఆ పైన పని అంతా కాగితానిదే.

ఇందులో రెండు అడ్డంకులున్నాయి. ఒకటి గణితానికి సంబంధించినది. పై ఉదాహరణలో ఆ వలస దంపతుల సంతానంలో అతని తరానికే చెందిన మరొకరు అతనికి మూడవ తరపు దాయాది అవుతారు. అటువంటి బంధువులలో సుమారు పదిమందిలో ఒకరికి పరీక్షలో కనిపించే ఉమ్మడి డీఎన్ఏ ఉండదు. ఐర్లాండులోనే ఉండిపోయిన అన్నదమ్ముల సంతతి మరొక తరం దూరం. అక్కడ దాదాపు సగం మందికి ఉమ్మడి ఖండమే కనిపించదు. అంటే క్షామకాలం నేటి నడివయసువారికి సరిగ్గా ఈ పరీక్ష చూపు మసకబారే అంచున ఉంది. అందుకే ఇంటిలోని పెద్దలను ముందుగా పరీక్షించడం ఈ పరిశోధనలో ప్రథమసూత్రమైంది. ఎనభై ఏళ్ల అమ్మమ్మ పరీక్ష మనుమరాలి పరీక్షకంటే రెండు తరాలు క్షామానికి దగ్గర. ఆమె మరణంతో నశించేది జ్ఞాపకం మాత్రమే కాదు.

రెండవది సామాజికమైనది. పడమటి తీరంలో, దీవులలో, కొద్దిపాటి కుటుంబాల నడుమే తరతరాలుగా పెళ్లిళ్లు జరిగాయి. అక్కడి ఇద్దరు వ్యక్తులు నాలుగైదు దారులలో బంధువులు కావచ్చు. అన్ని దారుల ఖండాలూ కలిసి మొత్తం పెరగడం వల్ల దూరపు బంధువు దగ్గరివాడుగా కనిపిస్తాడు. పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండవవాడికి తల్లి తండ్రి పేరు పెట్టే ఆచారం వల్ల ఒకే టౌన్‌ల్యాండ్‌లో ఒకే పేరుగల మనుషులు అనేకులుంటారు. డీఎన్ఏ బంధుత్వాన్ని పెంచి చూపుతుంటే, రిజిస్టరు మనుషులను కలిపి చూపుతుంది. ఈ రెండు పొరపాట్లూ ఒకదానినొకటి సమర్థించుకునే ప్రమాదం ఉంది.

8. దాచిన దస్త్రాలు

ఇంతవరకు చర్చించినది కాలిపోయిన పత్రాల సంగతి. ఐర్లాండులో మరొకరకపు లోటు ఉంది: పత్రాలుండీ చూపకపోవడం. 1952లో దత్తత చట్టబద్ధమైంది. దత్తతకు వెళ్లిన బిడ్డల మూలపత్రాలు మూతపడ్డాయి. 1940ల నుండి 1970ల వరకు 2 వేలకు పైగా పిల్లలను అమెరికాకు దత్తత పంపారు. కొన్నిచోట్ల దత్తత తల్లిదండ్రులే కన్నవారైనట్లు జననపత్రం సృష్టించడం కూడా జరిగింది. సెయింట్ పాట్రిక్స్ గిల్డ్ అనే దత్తత సంస్థ దస్త్రాలలో అటువంటి 126 ఉదంతాలను గుర్తించినట్లు ప్రభుత్వం 2018లో ప్రకటించింది. ఇక్కడ కాగితం లేకపోవడం కాదు, కాగితం అబద్ధం చెప్పడం సమస్య. ఇటువంటివారికి బంధువుల జాబితాలో ప్రత్యక్షమైన ఒక అన్న, ఒక పినతల్లి పేరు చట్టం ఇవ్వని సమాధానం ఇచ్చింది. జననసమాచారం పొందే హక్కును ప్రభుత్వం 2022లో చట్టం ద్వారా కల్పించి, ఆ ఏడాది అక్టోబరు నుండి అమలులోకి తెచ్చింది. అప్పటికే ఎందరో ఆ తలుపును డీఎన్ఏ ద్వారా తెరుచుకున్నారు.

గాల్వే కౌంటీలోని ట్యూమ్ పట్టణం ఈ చరిత్రలో అత్యంత విషాదకరమైన అధ్యాయం. అక్కడ 1925 నుండి 1961 వరకు బాన్ సెకూర్ సన్యాసినులు అవివాహిత తల్లులకు, వారి బిడ్డలకు ఒక వసతిగృహం నడిపారు. స్థానిక చరిత్రకారిణి కాథరిన్ కార్లెస్ అక్కడ మరణించిన శిశువుల మరణపత్రాలను సేకరించారు. లెక్క 796కు చేరింది. వారిని ఎక్కడ ఖననం చేశారో తెలిపే రిజిస్టరు మాత్రం లభించలేదు. విచారణ సంఘం జరిపిన పరీక్షా తవ్వకాలలో భూగర్భంలోని గదులవంటి నిర్మాణంలో శిశువుల అవశేషాలు గణనీయంగా ఉన్నట్లు 2017 మార్చిలో వెల్లడైంది. దేశంలోని 18 సంస్థలలో సుమారు 9 వేలమంది పిల్లలు మరణించినట్లు 2021 జనవరిలో వచ్చిన తుది నివేదిక తెలిపింది. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2022లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2025 జులైలో పూర్తిస్థాయి తవ్వకం ప్రారంభమైంది. అవశేషాలను గుర్తించడానికి వృద్ధులైన తోబుట్టువుల, ఇతర బంధువుల డీఎన్ఏ నమూనాలను సేకరిస్తున్నారు.

ఇక్కడ 1922 నాటి స్థితి తలక్రిందులైంది. ఫోర్ కోర్ట్స్ మంటల్లో పేర్లు నశించాయి, సంతతి మిగిలింది. ట్యూమ్‌లో పేర్లు మిగిలాయి; సమాధులు లేవు. పేరునూ అస్థికనూ కలపగలిగినది డీఎన్ఏ ఒక్కటే. అయితే ఆ ప్రశ్న అడగడానికి వీలు కల్పించింది 796 మరణపత్రాలను ఒక్కొక్కటిగా సేకరించిన ఒక వ్యక్తి దస్తావేజుల పరిశోధన. చిన్నారుల ఎముకలు కలగలిసి ఉండడం వల్ల, నమూనా ఇవ్వగల బంధువులు కాలం చేస్తుండడం వల్ల, అందరికీ పేర్లు దక్కుతాయన్న హామీ లేదు.

9. సమ్మతి, గోప్యత

డీఎన్ఏ ఒక వ్యక్తి సొంత దస్తావేజు కాదు. అది కుటుంబపు ఉమ్మడి ఆస్తి. ఒకరు పరీక్ష చేయించుకుంటే చేయించుకోని బంధువుల రహస్యమూ బయటపడుతుంది. దత్తతకు ఇచ్చిన బిడ్డ సంగతి అరవై ఏళ్లు ఎవరికీ చెప్పని తల్లికి, తన తల్లిని తెలుసుకోగోరే బిడ్డకు ఉన్న హక్కులు ఇక్కడ ఎదురుబొదురుగా నిలుస్తాయి. కుటుంబచరిత్ర కోసం ఏర్పడిన జెడ్‌మ్యాచ్ సమాచారనిధి ద్వారా 2018లో కాలిఫోర్నియా పోలీసులు ఒక వరుస హంతకుణ్ణి పట్టుకున్నారు. వంశవృక్షం కోసం ఇచ్చిన నమూనా నేరపరిశోధనకు వాడవచ్చా అన్న చర్చ అప్పటి నుండి సాగుతున్నది. 2023లో 23అండ్‌మీ సంస్థ నుండి సుమారు 69 లక్షలమంది సమాచారం చౌర్యానికి గురైంది. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది. ప్రభుత్వ భాండాగారం కాలిపోయిన దేశపు సంతతి తమ వంశసాక్ష్యాన్ని ఇప్పుడు వాణిజ్య సంస్థల భాండాగారాలలో దాచుకుంటున్నది. భాండాగారం ఎవరిదన్న ప్రశ్న 1922 నాటికంటే నేడు తక్కువ ముఖ్యమైనది కాదు.

10. ముగింపు

పై పరిశీలన నుండి కొన్ని నిర్ధారణలకు రావచ్చు.

- ఐరిష్ వంశమూలాల అన్వేషణలో డీఎన్ఏకు లభించిన ప్రాధాన్యం కేవలం సాంకేతిక ప్రగతి ఫలితం కాదు. దస్తావేజుల విధ్వంసం, క్షామం, వలస, దత్తత గోప్యత అన్న చారిత్రక కారణాలు దానికి ఆ స్థానం కల్పించాయి.
- వై-క్రోమోజోమ్ ఇంటిపేర్ల చరిత్రకు, ఆటోసోమల్ పరీక్ష ఇటీవలి ఐదారు తరాల బంధుత్వానికి ఉపకరిస్తాయి. ఒకదాని ఫలితాన్ని మరొకదాని ప్రశ్నకు సమాధానంగా వాడడం దోషం.
- నయల్ సంతతి వాదం జన్యుసాక్ష్యానికి వంశావళి గ్రంథపు పేరు తగిలించడంలోని ప్రమాదాన్ని చూపింది. ఐరిష్ డీఎన్ఏ అట్లాస్ పత్రాధారం గల కుటుంబవృక్షంపై జన్యుసాక్ష్యాన్ని నిలపడంలోని ప్రయోజనాన్ని చూపింది.
- పత్రాలు లేనిచోట, పత్రాలు అసత్యమైనచోట డీఎన్ఏ సాక్ష్యం న్యాయానికి సాధనమైంది. ట్రావెలర్లు, దత్తత బిడ్డలు, ట్యూమ్ కుటుంబాలు అందుకు నిదర్శనాలు.

డీఎన్ఏ ఇద్దరి నడుమ ఎంత దూరమో చెబుతుంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నలకు జవాబు పారిష్ రిజిస్టరులోనో పింఛను దరఖాస్తులోనో మరణపత్రంలోనో వెదకవలసిందే. మిగిలిన ఆ కొద్ది కాగితాలను భద్రపరచడం, జీవించి ఉన్న పెద్దల మాటను నమోదు చేయడం కొత్త పరీక్షల రాకతో తగ్గవలసిన బాధ్యతలు కావు. మరింత పెరిగిన బాధ్యతలు.